రంగు చుక్క చెప్పే కోణం

"క్లబ్బు పొడుగైతే బంతి దూరం పోవాలి కదా సార్, ఎడమకెందుకు పోతోంది?"

అడిగింది ఇంటర్ రెండో ఏడాది అమ్మాయి. వాళ్ల నాన్న గోల్కొండ దగ్గరి గోల్ఫ్ కోర్సులో క్యాడీ. ఆయన ఎవరి బ్యాగు మోస్తాడో ఆ పెద్దమనిషి కొత్తగా అర అంగుళం పొడవు పెంచిన ఐరన్లనే క్లబ్బులు తెచ్చుకున్నాడట. అప్పటినుంచి బంతులన్నీ గురికి ఎడమగా పడుతున్నాయట. బోర్డు మీద బొమ్మ వేయబోయి ఆగి, ఆ అమ్మాయి ముందున్న పరీక్ష అట్ట తీసుకున్నాను. మీరూ ఒక అట్ట తెచ్చుకోండి.

అట్టను ఎదురు గోడకేసి నిటారుగా పట్టుకోండి. గడియారం ముల్లు తిరిగినట్టు దాన్ని ఒక పక్కకు తిప్పండి. ఒక మూల పైకి లేచింది, ఇంకో మూల దిగింది. అట్ట ముఖం మాత్రం ఆ గోడనే చూస్తోంది. మళ్లీ మామూలుగా పట్టుకుని, ఈసారి ముందుగా పై అంచును మీ వైపు బాగా వాల్చండి, ముఖం సగం గోడను, సగం పైకప్పును చూసేలా. ఆ వాలు చెడకుండా ఇందాకటిలాగే తిప్పండి. ముఖం పక్క గోడ వైపు జరిగిపోయింది!

ఇన్నేళ్లుగా కోణాలు బోధిస్తున్నా, ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. క్లబ్బు ముఖాన్ని, అంటే ఫేస్‌ను, వెనక్కి వాల్చిన వాలు లాఫ్ట్. పక్కకు తిప్పిన కోణం లైలో తప్పు; లై అంటే షాఫ్ట్‌కీ, అదే క్లబ్బు కర్రకీ, నేలకీ మధ్య కోణం. లైలో మాత్రమే తేడా వస్తే గురికేం కాదు. లాఫ్ట్ తోడైతేనే ఆ తప్పు దిశలోకి పాకుతుంది. ఎంత పాకుతుందో కూడా లెక్క ఉంది: లై తప్పును లాఫ్ట్ కోణం టాంజెంట్‌తో గుణిస్తే చాలు. దూరం కొట్టే 10 డిగ్రీల డ్రైవర్‌లో లై 2 డిగ్రీలు తప్పితే ఫేస్ తిరిగేది డిగ్రీలో మూడో వంతే. 34 డిగ్రీల 7 ఐరన్‌లో అదే తప్పు 1.35 డిగ్రీలవుతుంది, 140 మీటర్ల దూరంలో మూడు మీటర్ల పైన తేడా. 46 డిగ్రీల వెడ్జ్‌లో తప్పు తప్పంతా దిశలోకి వచ్చేస్తుంది. దగ్గరి గురి కోసం తీసే క్లబ్బులే లై విషయంలో అన్నిటికన్నా పట్టుదల చూపిస్తాయన్నమాట.

మరి పొడవు పెంచితే లై ఎందుకు మారాలి? ఒకే కిటికీకి ముందు పొట్టి నిచ్చెన, తర్వాత పొడుగు నిచ్చెన ఆనించండి. పొడుగుది ఎక్కువ వాలుతుంది. ఆటగాడి చేతులు ఆ కిటికీ. చేతుల ఎత్తు మారకుండా షాఫ్ట్ పెరిగితే అది నేలవైపు వాలుతుంది, దాంతో క్లబ్బు తలకాయలో మడమ భాగం నేలను తాకుతూ, టో అనే ముందు కొన గాల్లోకి లేస్తుంది. కుడిచేతి ఆటగాడికి టో లేస్తే ఫేస్ ఎడమకు చూస్తుంది. అర అంగుళానికి ఒక డిగ్రీ అని వర్క్‌షాపుల్లో అంచనా వేసుకుంటారు.

ఈ సంగతిని వ్యాపారంగానే కాదు, ఒక పద్ధతిగా మలిచినవాడు కార్‌స్టెన్ సోల్‌హైమ్. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు, తనూ కొన్నాళ్లు ఆ పనే చేశాడు. తర్వాత జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరు అయ్యాడు. నలభై దాటాక గోల్ఫ్ పట్టుకుని, 1959లో తన గ్యారేజీలో చేసిన పట్టర్ అనే క్లబ్బు బంతికి తగిలినప్పుడల్లా మోగిన శబ్దాన్నే పేరుగా పెట్టాడు: పింగ్. 1972లో ఆయన కంపెనీ ఐరన్ల మీద రంగు చుక్కలు మొదలయ్యాయి. నల్ల చుక్క మామూలు లై, మిగతా రంగులు అంతకన్నా నిటారువో వాలినవో. మనిషి ఎత్తు, మణికట్టు నుంచి నేలకున్న దూరం కొలిచి రంగు చెబుతారు. పాదం కొలవకుండా చెప్పు కుట్టని ఇంట్లో పెరిగినవాడికే ఈ ఆలోచన రావడం నాకెంతో నచ్చుతుంది.

అయితే నిలబడినప్పటి కొలత సగం సంగతే చెబుతుంది. దెబ్బ తగిలే వేళకు చేతులు కాస్త లేస్తాయి, షాఫ్ట్ వేగానికి వంగి టో కిందికి దిగుతుంది. బంతి ఫేస్ మీదుండేది సెకనులో రెండువేలో వంతు. కంటికి ఆనని ఆ క్షణాన్ని పట్టుకోవడానికి ఖరీదైన కెమెరాలున్నాయి, కానీ నాకిష్టమైన పరికరం మార్కర్ పెన్ను. బంతి మీద మందంగా ఒక నిలువు గీత గీసి, ఆ గీత ఫేస్‌కు ఎదురుగా ఉండేలా పెట్టి కొట్టండి. సిరా ఫేస్ మీద అంటుకుంటుంది. అది ఫేస్ మీది గాడులకు లంబంగా ఉంటే లై కుదిరినట్టు. పైకొన టో వైపు వాలితే క్లబ్బు మరీ నిటారు, మడమ వైపు వాలితే మరీ వాలు.

దిద్దడం గొప్ప విద్యేం కాదు: తలకాయను బిగించి, మెడను పొడవాటి బారుతో వంచుతారు. సుత్తిదెబ్బలతో చేసిన మెత్తటి ఉక్కు సులువుగా లొంగుతుంది. పోతపోసిన స్టెయిన్‌లెస్ ఒకటి రెండు డిగ్రీలు దాటితే మొండికేస్తుంది. అలాగే వంచి లాఫ్ట్ తగ్గించినా ఊరికే పోదు, అడుగు భాగం నేలలో గుచ్చుకునే గుణం పెరుగుతుంది. పొడవు పెంచితే బరువూ అడ్డొస్తుంది. వరుసగా ఐరన్లు అర అంగుళం చొప్పున పొట్టివవుతుంటే తలలు సుమారు 7 గ్రాముల చొప్పున పెరిగేది అందుకే, ఊపేటప్పుడు చేతికి అన్నీ ఒక్కలా తగలాలని.

ఆ వరుసనే కాదన్నవాళ్లున్నారు. భౌతికశాస్త్రం చదివిన బ్రైసన్ డిషాంబో ఐరన్లన్నిటినీ 37.5 అంగుళాల ఒకే పొడవుకు చేయించుకుని 2020 యూఎస్ ఓపెన్ గెలిచాడు. పొడవు ఒకటే కాబట్టి లై ఒకటే, నిలబడే తీరూ ఒకటే, మారేది లాఫ్ట్ ఒక్కటే. ఇక మెడ వంచే పని లేకుండా, డ్రైవర్లలో వంకర రంధ్రపు తొడుగు తిప్పి కోణం మార్చుకునే వీలు 2008 నాటి గోల్ఫ్ నిబంధనల తర్వాత వచ్చింది. నాకు మాత్రం మార్కర్ గీతే ముద్దు.

వారం తర్వాత ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. వాళ్ల నాన్న గీత గీయించి కొట్టించాడట, పైకొన టో వైపే వాలిందట. చేతిలో కాగితం. "37 అంగుళాల షాఫ్ట్, 62 డిగ్రీల లై అనుకుని నిచ్చెన లెక్క వేశాను సార్. 37.5 అయితే 60.6 వస్తోంది. ఒక డిగ్రీ కాదు, 1.4." వర్క్‌షాపు అంచనా కన్నా ఆ 0.4 ఎందుకు ఎక్కువొచ్చిందో ఇద్దరం కూర్చుని వెతికాం. పొడుగు క్లబ్బు పట్టిన మనిషి తెలియకుండానే చేతులు కొంచెం ఎత్తుతాడు, కిటికీ కూడా కాస్త పైకి జరుగుతుంది.