ఓటు అమ్ముడైనచోట అభిశంసన మెక్కడిది?

2024వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు మాజీ ప్రధానమంత్రి కీర్తిశేషులు పాములపర్తి వేంకట నరసింహారావుగారికి భారతరత్న బిరుదమును ప్రకటించిరి. ఆ వార్త విని వంగర గ్రామము పొంగిపోవుట సహజము. 1957 మొదలు వరుసగా నాలుగు పర్యాయములు వారిని శాసనసభకు పంపిన మంథని ప్రజలు ఆనందించుట సహజము. గోదావరికి ఈవలి కరీంనగరమువారును, ఆవలి ఆదిలాబాదువారును తమ యింటి బిడ్డకు జరిగిన గౌరవముగా దానిని భావించిరి. మేమును ఆ సంతోషమున పాలుపంచుకొంటిమి.

సరిగా 24 దినములు గడచిన పిమ్మట, మార్చి 4వ తేదీన, మరియొక వార్త వెలువడినది. సుప్రీంకోర్టునందలి ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, నరసింహారావుగారి పేరుతోనే న్యాయగ్రంథముల కెక్కిన 1998వ సంవత్సరపు తీర్పును ఏకగ్రీవముగా కొట్టివేసినది. మొదటి వార్తకు తోరణములు కట్టిన మన గ్రామములు రెండవ వార్తను గమనించినట్లు లేదు. ఈ రెండును మనవే. మొదటిదానికంటె రెండవదియే సామాన్య ప్రజకు ఎక్కువ సంబంధించినదని మా యభిప్రాయము. దానిని వివరించుటకే ఈ వ్యాసము.

అభిశంసన యనగానే చదువరులకు అమెరికా దేశము స్ఫురించును. 1972 జూన్ మాసమున వాషింగ్టన్ నగరమునందలి వాటర్‌గేట్ భవనములో, ప్రతిపక్షమువారి కార్యాలయమున దొంగలు పట్టుబడిరి. ఆ దొంగతనమునకును అధ్యక్షుని పరివారమునకును గల సంబంధమును కప్పిపుచ్చుటకు జరిగిన ప్రయత్నములు ఒక్కటొక్కటిగా బయటపడినవి. 1974 జూలైలో ప్రతినిధిసభకు చెందిన న్యాయవ్యవహారముల సంఘము అధ్యక్షుడు నిక్సన్‌పై మూడు అభియోగములను ఆమోదించెను. స్వపక్షమువారు సైతము తనను కాపాడజాలరని తెలిసిన మీదట, ఆగస్టు 9వ తేదీన ఆయన పదవిని వదలెను. అభియోగము వ్రాతమూలమున నుండెను. సాక్ష్యము జనుల యెదుట నుండెను. ఏ తప్పునకు అధ్యక్షుడు పోయెనో లోకమునకు తెలిసినది.

మన రాజ్యాంగమునందును 61వ అధికరణము రాష్ట్రపతిని అభిశంసించు విధానమును చెప్పుచున్నది. ఒక సభ తన మొత్తము సభ్యులలో మూడింట రెండువంతుల ఆమోదముతో అభియోగమును మోపవలెను. రెండవ సభ దానిని విచారించి అదే ప్రమాణముతో నిర్ధారింపవలెను. ఇంతవరకు ఏ రాష్ట్రపతిపైనను అది ప్రయోగింపబడలేదు. దానికి కారణము స్పష్టమే. మన దేశమున రాజ్యము నడుపునది ప్రధానమంత్రి. ఆయనను తొలగించుటకు అభియోగ పత్రము లేదు, విచారణ లేదు, సాక్షులు లేరు. ఉన్నదల్లా అవిశ్వాస తీర్మానము. అనగా లోక్‌సభలో చేతులెత్తి లెక్కపెట్టుట. ఆ లెక్కయే మనకు అభిశంసన. ఆ లెక్క శుద్ధముగా నున్నంతకాలము అదియును గొప్ప సాధనమే. లెక్కయే చెడినచో ప్రజకు మిగులునదేమి?

1993వ సంవత్సరము ఈ ప్రశ్నను మన కన్నుల యెదుట నిలిపినది. ఆ సంవత్సరము మే 11వ తేదీన, సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి. రామస్వామిగారిని తొలగింపవలెనను తీర్మానము లోక్‌సభలో ఓటుకు వచ్చెను. న్యాయమూర్తులతో గూడిన విచారణ సంఘము పెక్కు ఆరోపణలు రుజువైనవని అప్పటికే తేల్చియుండెను. తీర్మానమునకు అనుకూలముగా 196 ఓట్లు వచ్చినవి. ప్రతికూలముగా ఒక్కటియును లేదు. అయినను తీర్మానము వీగిపోయెను. ఏలయన 205 మంది సభ్యులు, ముఖ్యముగా అధికారపక్షమువారు, ఎటును ఓటు వేయక కూర్చుండిరి. విచారణలో తేలిన దోషము సభలో ఓటు లేక నిలువలేకపోయినది. ఓటు సాక్ష్యమును సైతము ఓడింపగలదని ఆనాడే తెలియవలసినది.

ఒక మాసము గడచినది. జూన్‌లో హర్షద్ మెహతా యను షేర్ల దలాలు తాను ప్రధానమంత్రికి కోటి రూపాయ లిచ్చితినని పత్రికలవారి యెదుట ఆరోపించెను. ఆ ఆరోపణ రుజువు కాలేదు. కాని దేశమంతటను కలకలము పుట్టెను. జూలైలో ప్రతిపక్షమువారు అవిశ్వాస తీర్మానమును తెచ్చిరి. అప్పటికి సభలోని సభ్యులు 528 మంది. కాంగ్రెసువారు 251 మంది. సామాన్యమైన ఆధిక్యమునకే 14 మంది తక్కువ. మూడు దినముల చర్చానంతరము జూలై 28వ తేదీన ఓటింగు జరిగెను. తీర్మానమునకు అనుకూలముగా 251, ప్రతికూలముగా 265 ఓట్లు వచ్చినవి. ప్రభుత్వము నిలిచినది.

చదువరులు ఈ అంకెలను ఒకపరి తూచి చూడవలెను. అంతరము 14. ఇటునుండి అటు ఏడుగురు మారినచో ఇరుపక్షములు సమానము. ఎనమండుగురు మారినచో ప్రభుత్వమే లేదు. తొంబది కోట్ల ప్రజలుగల దేశముయొక్క పాలన ఆ దినమున ఎనిమిది చేతులపై నిలిచియుండెను. అట్టి వేళ ఒక్కొక్క చేతికి వెల పలుకుట వింతగాదు.

ఝార్ఖండ్ ముక్తి మోర్చాకు చెందిన సభ్యులకును, జనతాదళములోని అజిత్ సింగు వర్గమువారికిని ఓట్లకై లంచములు ముట్టినవని 1996లో ఫిర్యాదు వచ్చెను. కేంద్ర నేరపరిశోధక సంస్థవారు విచారించి, బ్యాంకులలో వేసిన ధనమును చూపి అభియోగములు మోపిరి. ముక్తి మోర్చా సభ్యులలో నొకరు అప్రూవరుగా మారిరి. నిందితులు రాజ్యాంగమునందలి 105వ అధికరణమును అడ్డుపెట్టుకొనిరి. సభలో పలికిన పలుకునకుగాని, వేసిన ఓటునకుగాని సభ్యుని ఏ న్యాయస్థానమునకును ఈడ్వరాదని ఆ అధికరణము చెప్పుచున్నది.

ఆ రక్షణ ఊరక పుట్టినది కాదు. 1642లో ఇంగ్లండు రాజు చార్లెస్ సైనికులతో కామన్సు సభకు వచ్చి ఐదుగురు సభ్యులను పట్టుకొనజూచెను. రాజునకు వెరవక సభ్యుడు నిర్భయముగా మాటలాడవలెనను తలంపుతో పార్లమెంటులు ఈ హక్కును సాధించుకొన్నవి. ప్రజల పక్షమున నిలుచువానికి కవచముగా నేర్పడిన ఆ హక్కు, ప్రజల ఓటును అమ్ముకొన్నవానికి గొడుగగునా? ఇదియే ప్రశ్న.

1998 ఏప్రిల్ 17వ తేదీన ఐదుగురు న్యాయమూర్తులు 3-2 ఆధిక్యముతో అగునని తీర్పు చెప్పిరి. లంచ మిచ్చినవారికి రక్షణ లేదు. లంచము తీసికొని ఓటు వేసినవారికి రక్షణ కలదు. లంచము తీసికొంటిననుకొని ఓటు వేయనివారికి రక్షణ లేదు. ఆ దినమున ఓటింగునకు రాని అజిత్ సింగుగారు అందుచేతనే విచారణ నెదుర్కొనవలసి వచ్చెను. అనగా పుచ్చుకొని మాట నిలుపుకొన్నవాడు నిరపాయము. పుచ్చుకొని మాట తప్పినవాడు అపరాధి! ఇట్టి ధర్మసూక్ష్మమును మన పల్లెలలో ఏ రచ్చబండయు అంగీకరింపదు. న్యాయమూర్తులు ఎస్.సి. అగ్రవాల్, ఎ.ఎస్. ఆనంద్‌గార్లు దీనితో ఏకీభవింపక వేరు తీర్పు వ్రాసిరి. వారి పక్షమే ధర్మమని కాలము తేల్చినది.

నరసింహారావుగారి విషయమున నిజమును నిజముగా చెప్పుట మా విధి. 2000 సెప్టెంబరులో ప్రత్యేక న్యాయస్థానము వారిని, బూటాసింగుగారిని దోషులని నిర్ణయించెను. అక్టోబరులో మూడేండ్ల శిక్ష విధించెను. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, అప్రూవరు సాక్ష్యము నమ్మదగినది కాదని, వారిని నిర్దోషులుగా విడుదల చేసినది. 2004 డిసెంబరు 23వ తేదీన వారు స్వర్గస్థులైరి. కాబట్టి చట్టము దృష్టిలో వారు నిర్దోషులు. దానిని మరచి వారిని నిందించువారు న్యాయమును తప్పినవారే.

అట్లైన ఈ పాత కథను త్రవ్వనేల యని కొందరడుగవచ్చును. భూసంస్కరణలకు పూనుకొన్న ముఖ్యమంత్రి, దేశపు ఆర్థిక గమనమును మార్చిన ప్రధాని, వేయిపడగలను హిందీలోనికి తెచ్చిన పండితుడు. అట్టివారి పేరు చెప్పి ఈ ప్రసంగ మెందులకు? మా సమాధాన మిది. వ్యక్తి విడుదలైనను ఆ తీర్పు విడువలేదు. 1998 నుండి 2024 వరకు, సుమారు 26 సంవత్సరములు, అది దేశపు చట్టమై నిలిచినది. ఆ కాలమున శాసనసభ్యుల వెలను గూర్చి మాటలాడిన ప్రతివాడును ఆ నీడననే నిలిచెను. 2012లో ఝార్ఖండునందు రాజ్యసభ యెన్నికలో ఓటుకై లంచము గొన్నారను ఆరోపణకు గురియైన సీతా సోరెన్ అను శాసనసభ్యురాలు ఆ తీర్పునే శరణు జొచ్చిరి. ఆమె వ్యాజ్యముననే ఏడుగురు న్యాయమూర్తులు దానిని తుడిచివేసిరి. లంచము పుచ్చుకొన్న క్షణముననే నేరము పూర్తియైనదనియు, తరువాత ఓటు వేసెనా లేదా యను ప్రశ్నయే పుట్టదనియు వారు నిర్ణయించిరి. రాజ్యసభ యెన్నికలలోని ఓటునకును ఇదియే న్యాయమనిరి.

ఇప్పుడు మన యింటివైపు చూతము. 1920 నుండియు మన దేశపు శిక్షాస్మృతి, యెన్నికలో ఓటునకు ధనము తీసికొన్న సామాన్య ఓటరును నేరస్థునిగానే ఎంచుచున్నది. ఏడాది వరకు శిక్ష విధింపవచ్చును. మంథనిలో ఒక కూలివాడు, చెన్నూరులో ఒక బీడీ కార్మికురాలు ఐదువందల నోటు పుచ్చుకొన్న నేరము. అదే దినములలో ఢిల్లీలో లక్షలు పుచ్చుకొని చేయెత్తిన సభ్యుడు చట్టమునకు అందనివాడు! పేదవాని చేతి నోటునకు శిక్ష, పెద్దవాని పెట్టె నోటునకు రక్షణ. ఈ వైపరీత్యము మన చదువరులలో ఎందరికి తెలియును?

తెలియకపోవుటవలననే చెరుపు క్రిందివరకు వ్యాపించినది. 2021 అక్టోబరులో హుజూరాబాదు ఉపయెన్నిక వేళ, తమకు ధనము అందలేదని కొన్ని గ్రామములవారు బహిరంగముగా నిరసన తెల్పిరను వార్తలు వచ్చినవి. ఆ జనులను చూచి నవ్వినవారు పెక్కుమంది. మాకు నవ్వు రాలేదు. పైవాడు అమ్ముకొనగా చట్టము ఊరకున్నప్పుడు, క్రిందివాడు తన వంతు అడుగుటలో వింతయేమి? 2024వ సంవత్సరారంభమున మంచిర్యాల మొదలైన పురములలో పురపాలక సంఘాధ్యక్షులపై అవిశ్వాస తీర్మానములు బయలుదేరినవి. అట్టి తీర్మానము వచ్చినప్పుడెల్ల క్యాంపు అనుమాట మన చెవిని బడుచున్నది. సభ్యులను ఊరికి దూరముగా నుంచి ఓటునాటికి తెచ్చుట అలవాటైనది. అధ్యక్షుడు చేసిన తప్పేమి, వీధిదీపమునకో మంచినీటి గొట్టమునకో జరిగిన లోపమేమి యను చర్చ ఒక్కటియు వినరాదు. అభిశంసనకు ప్రాణము అభియోగము. అభియోగములేని తొలగింపు, కారణములేని కొనసాగింపు, రెండును ఒక్క సంతలోని సరకులే.

కాబట్టి మేము కోరునది స్వల్పము. అధ్యక్షుని దింపగోరువారు ఆయన తప్పులను వ్రాసి, ఓటింగునకు ముందే పట్టణ ప్రజల యెదుట చదువవలెను. ఓటు వేసినవాడు ఎందులకు వేసెనో తన వార్డునకు వచ్చి చెప్పవలెను. ఓటరు ఆ సంజాయిషీని అడుగవలెను. అడుగు హక్కు నిలుచుటకు తాను నోటును కాదనవలెను. పుచ్చుకొన్న చేయి ప్రశ్నింపజాలదు.

వంగరలో నరసింహారావుగారి స్మృతిచిహ్నమును చూడబోవు బాలబాలికలకు వారి పాండిత్యమును చెప్పుడు, భూసంస్కరణలను చెప్పుడు, దేశము దివాలా యంచున నిలిచిన 1991వ సంవత్సరమును చెప్పుడు. 265, 251 అను రెండంకెలను గూడ చెప్పుడు. వారి పేరిటి తీర్పును 26 ఏండ్లకు దేశము దిద్దుకొన్నదనియు చెప్పుడు. పెద్దలకు మనము చేయదగిన పూజ వారి కాలపు పొరపాటును మన కాలమున మరల జరుగనీయకుండుటయే. చట్టము తన తప్పును దిద్దుకొన్నది. ఇక దిద్దుకొనవలసినవారము మనము.