నీట్ స్కోరు కార్డు బీరువాలో పెట్టేయకండి

జూన్‌లో నీట్ ఫలితాలు వచ్చిన వారం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల్లో వినబడే ప్రార్థన మనవులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అమ్మాయి క్వాలిఫై అయింది గాని ఎంబీబీఎస్ సీటు వచ్చే మార్కులు రాలేదు. కొద్ది రోజులకు ఎవరో ఏజెంటు ఫోను చేస్తాడు. పొరుగు రాష్ట్రంలో నర్సింగ్ కాలేజీ ఉంది, ఫీజు ఇంత, హాస్టల్ వేరు అంటాడు. తండ్రి అప్పు చేస్తాడు. నీట్ స్కోరు కార్డు బీరువాలోకి వెళ్తుంది. ఫీజు లేకుండా బీఎస్సీ నర్సింగ్ చదివించి, చివర లెఫ్టినెంట్ హోదా ఇచ్చే దారికి అదే కార్డు మొదటి మెట్టని మన కుటుంబాల్లో చాలామందికి తెలియదు. అందుకే ఈ వారం ఈ సంగతి వ్రాస్తున్నాము.

ఆ దారి పేరు మిలిటరీ నర్సింగ్ సర్వీస్. 1888లో కేథరిన్ గ్రేస్ లాక్ అనే నర్సు నాయకత్వాన ఒక చిన్న బృందం ఇంగ్లండు నుండి బొంబాయిలో దిగి, సైనిక ఆసుపత్రుల్లో సేవ మొదలుపెట్టింది. 1926లో భారతీయ మహిళలతో ఇండియన్ మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ఏర్పడింది. 1943 ఆర్డినెన్సు తరువాత ఈ నర్సులు సైన్యంలో భాగంగా, అధికారులుగా గుర్తింపు పొందారు. ఏడవ వేతన సంఘం ప్రకారం లెఫ్టినెంట్‌కు మూలవేతనం 56,100 రూపాయలు, దానిపై మిలిటరీ సర్వీస్ పే 10,800 రూపాయలు. మిగతా భత్యాలు వేరు.

ఇంటర్ తరువాత చేరే నాలుగేళ్ల కోర్సు పుణె, కోల్‌కతా, ముంబయి, ఢిల్లీ, లక్నో, బెంగళూరులలోని ఆరు సైనిక కళాశాలల్లో ఉంది. ఇటీవలి నోటిఫికేషన్లలో మొత్తం సీట్లు 220. దేశమంతటికీ ఇంతే కాబట్టి పోటీ గట్టిదే. వసతి, భోజనం ప్రభుత్వానివి, నెలనెలా స్టైపెండు కూడా ఇస్తారు. దరఖాస్తు చేసేది ఆడపిల్లలే. అవివాహితులతో పాటు విడాకులు పొందినవారికి, పోషించవలసిన బాధ్యతలు లేని వితంతువులకు కూడా అవకాశం ఉంది. వయసు 17 నుండి 25 లోపు, ఎత్తు కనీసం 152 సెంటీమీటర్లు ఉండాలి.

అయితే తల్లిదండ్రులు ముందే తెలుసుకోవలసిన షరతు ఒకటుంది. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు కలిపి 50 శాతం తగ్గకూడదు. అదీ రెగ్యులర్ విద్యార్థినిగా, మొదటి ప్రయత్నంలోనే. ఒక సబ్జెక్టు పోయి సప్లిమెంటరీలో గట్టెక్కిన పిల్లకు ఈ తలుపు మూసుకున్నట్టే. ఫలితాలు వచ్చాక ఈ మాట చెప్పి ప్రయోజనం లేదు. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే చెప్పాలి.

నీట్ స్కోరును బట్టి కొందరిని ఎంపిక చేసి, సామాన్య తెలివితేటలు, ఇంగ్లీషుపై కంప్యూటర్ పరీక్ష పెడతారు. ఆ తరువాత మానసిక పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష ఉంటాయి. మన తెలుగు మీడియం పిల్లలు తడబడేది ఇంగ్లీషు దగ్గరే. ఆదివారం ఆరాధన ముగిశాక ఖాళీగా ఉండే మందిరపు గదిలో ఒక టీచరమ్మ గంటసేపు ఇంగ్లీషు చదివించగలిగితే చాలు. దీనికి పెద్ద బడ్జెట్ అక్కరలేదు, సంఘ పెద్దలు మనసు పెడితే సరిపోతుంది.

చేరేముందు బాండు వ్రాయాలి. చదువయ్యాక సైన్యంలో సేవ చేయాలన్నది ఒప్పందం. మధ్యలో మానేస్తే ప్రభుత్వం పెట్టిన ఖర్చు తిరిగి కట్టవలసి వస్తుంది. గల్ఫ్‌కో ఇంగ్లండ్‌కో వెళ్లడమే లక్ష్యంగా పెట్టుకున్న అమ్మాయిని ఇందులో చేర్చవద్దని మా సలహా.

ఇప్పటికే బీఎస్సీ నర్సింగ్ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదై ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేస్తున్న చెల్లెళ్లకు మరో దారి ఉంది. షార్ట్ సర్వీస్ కమిషన్ ద్వారా, సుమారు 35 ఏళ్ల వయసు వరకు, నేరుగా అధికారిగా చేరవచ్చు. కేవలం జీఎన్‌ఎం చేసినవారు ముందు పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తి చేయాలి. మగపిల్లలకు ఈ సర్వీసులో చోటు లేదు. వారికి ఆర్మీలో నర్సింగ్ అసిస్టెంట్ ఉద్యోగం ఉంది గాని అది సిపాయి హోదా, అధికారి హోదా కాదు.

"మరి పెళ్లి?" అని అమ్మలు అడుగుతారు. పెళ్లి చేసుకుందని 1988లో సెలీనా జాన్ అనే మిలిటరీ నర్సును ఉద్యోగం నుండి తీసివేశారు. ఆ నిబంధనను 1995లో రద్దు చేశారు. ఆమె మాత్రం పోరాటం మానలేదు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తొలగింపును వివక్ష అని తేల్చి, 60 లక్షల రూపాయలు చెల్లించమని ఆదేశించింది. కాబట్టి పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోతుందన్న భయం పాతకాలపుది.

విశ్వాసి సైనిక యూనిఫాం వేసుకోవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. శతాధిపతియైన కొర్నేలీ ఇంటికి వెళ్లిన పేతురు, అతణ్ణి కొలువు మానుకొమ్మని చెప్పినట్టు అపొస్తలుల కార్యములలో మనకు కనబడదు. పైగా నర్సు చేతిలో ఉండేది సూది, దూది. ఆదివారం డ్యూటీ పడి ఆరాధన తప్పే రోజులూ వస్తాయి. విశ్రాంతి దినాన రోగులను బాగుచేసిన ప్రభువు దీనిని తప్పుగా ఎంచడని మా నమ్మకం. 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్ బాబు విగ్రహానికి సూర్యాపేటలో పూలదండ వేస్తాము. అటువంటి సరిహద్దుల్లో గాయపడి తిరిగివచ్చే జవాన్ల పడక ప్రక్కన నిలబడేది ఈ నర్సులే.

చివరిగా కాగితాల సంగతి. మన పిల్లలకు ఇంట్లో ఒక పేరు, బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో మరొకటి ఉంటాయి. పదో తరగతి మెమో, ఆధార్, నీట్ దరఖాస్తు, ఈ మూడింటిలో ఒకే పేరు, ఒకే స్పెల్లింగు ఉండేలా ఇప్పుడే సరిచేయించండి. షరతులు ఏటా కొంత మారవచ్చు గనుక జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైటులో ఆ సంవత్సరపు నోటిఫికేషన్ చదివిన తరువాతే దరఖాస్తు చేయండి. డబ్బు తీసుకొని సీటు ఇప్పిస్తానన్నవాడు ఎవరైనా సరే, గుమ్మంలో నుండే పంపించివేయండి.