పెళ్లి డిస్కులకూ ఒక పట్టిక

మొగుళ్లపల్లి వంటి ఊళ్లలో ఇంటి వీడియో డిస్కులంటే సినిమాలే కాక పెళ్లి వీడియోలు కూడా కాబట్టి, ఏ డిస్కులో ఏముందో, అది ఎక్కడుందో తెలిపే జాబితా, అంటే పట్టిక, రాసుకోవడం ఎంతో అవసరం. సినిమాకు పేరొక్కటే చాలదు. ‘దేవదాసు’ పేరుతో 1953, 1974, 2006 సంవత్సరాల్లో వేర్వేరు చిత్రాలు వచ్చాయి గనుక పక్కన సంవత్సరం ఉండి తీరాలి. వీసీడీలో సుమారు 74 నిమిషాల దృశ్యమే పడుతుంది కనుక, మూడు గంటల చిత్రానికి చెందిన మూడు డిస్కులకూ ఒకే సంఖ్య ఇచ్చి, భాగాలను విడిగా చూపాలి.

పెళ్లి డిస్కుకు రెండో ప్రతి బజారులో దొరకదు. దానికి వధూవరుల పేర్లు, తేదీ, ఊరు రాయాలి. మొగుళ్లపల్లి 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఆపైన భూపాలపల్లి జిల్లాలో చేరింది కాబట్టి, పాత కవరుపై ఉన్న జిల్లా పేరును కొట్టివేయకుండా, కొత్త పేరును పట్టికలో చేర్చాలి.

పట్టికలో ఇచ్చిన సంఖ్యను డిస్కుపై బాల్‌పెన్నుతో రాయకూడదు, ఎందుకంటే వీసీడీలో సమాచారపు పొర పేరు ముద్రించిన వైపు పలుచని పూత కిందనే ఉంటుంది. నడిమి రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శక వలయంపై మెత్తని మార్కరుతో రాయడం క్షేమం. స్టూడియోలో రాసిన డిస్కులో సమాచారం నిలిచే రంగు పొర ఎండకు, వేడికి చెడిపోతుంది గనుక, పట్టిక పూర్తయ్యేదాకా ఆగకుండా ముందుగా పెళ్లి డిస్కులకు హార్డ్‌డిస్కులో నకలు తీసుకోండి.