మంటకు గడియ పెడితే

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల నీడన మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే పక్కన కూరగాయల తోటలు కనిపిస్తాయి. పచ్చిమిర్చి తెంపిన చేత్తో పొరపాటున కన్ను నలుపుకుంటే ఎలా ఉంటుందో అక్కడ ఎవరినడిగినా చెబుతారు. కాలింది లేదు, తెగింది లేదు, అయినా భరించలేని మంట. అదే మిరపపండును రామచిలుక మాత్రం హాయిగా కొరుక్కు తింటుంది.

నిప్పు సెగకూ, మిరప కారానికీ, పచ్చిపుండుకూ తెలుగులో ఒకటే మాట: మంట. మన భాష ఎప్పుడో కలిపేసిన ఈ మూడింటినీ సైన్సు 1997లో కలిపింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం నరాల కొసల మీద ఉండే ఒక ప్రొటీన్‌ను పట్టుకుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. దీన్ని ఒక తలుపు అనుకోండి. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే తెరుచుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. వాచిన చోట ఊరే ఆమ్లానికీ స్పందిస్తుంది. తెరుచుకోగానే కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి, నరం మెదడుకు కబురు పంపుతుంది. 2021లో జూలియస్‌కు నోబెల్ రావడానికి ముఖ్య కారణం ఈ తలుపే.

తలుపు దొరికాక గడియ పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. అమెరికాలోని ఆమ్‌జెన్ కంపెనీలో ఆ పనికి పూనుకున్నవాళ్లలో నరేందర్ గవ్వ ఒకరు. ఆయన మునుపటి పరిశోధనకు నొప్పితో సంబంధం లేదు. 1990లలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆయన చూసింది రక్తకణాల్లో గ్లోబిన్ జన్యువులను పని చేయించే ఒక ప్రొటీన్‌ను. అది ఏ ప్రొటీన్‌తో, ఏ భాగం దగ్గర అతుక్కుంటుంది అన్నదే అక్కడి ప్రశ్న. నొప్పి దగ్గరికి వచ్చాక కూడా ఆయన అదే ప్రశ్న వేశారు: క్యాప్సైసిన్ ఈ తలుపులో సరిగ్గా ఎక్కడ పట్టుకుంటుంది?

జవాబు కుందేలు దగ్గర దొరికింది. చిలుకలాగే కుందేలు తలుపు కూడా క్యాప్సైసిన్‌ను పెద్దగా లెక్కచేయదు. ఎనిమిది వందలకు పైగా అమినో ఆమ్లాలున్న ఆ గొలుసులో 550వ స్థానం కీలకమని గవ్వ బృందం 2004లో చూపింది. ఎలుకలో అక్కడ థ్రియోనిన్ ఉంటే కుందేలులో ఐసోల్యూసిన్ ఉంది. ఆ ఒక్కటి మార్చగానే కుందేలు ప్రొటీన్‌కూ కారం తెలిసింది.

ఆ తర్వాత తలుపును మూసే మందు తయారైంది: ఏఎంజీ 517. మనుషులకు ఇచ్చి చూశారు. ఎవరూ కోరనిది ఎదురైంది. మందు వేసుకున్నవాళ్లకు ఒళ్లు వేడెక్కింది. దవడపన్ను తీయించుకున్నవాళ్లకు ఇచ్చినప్పుడు వేడి గరిష్ఠంగా 40 డిగ్రీలు దాటింది, త్వరగా దిగలేదు కూడా. ఈ సంగతిని గవ్వ, ఆయన సహచరులు 2008లో ప్రచురించారు. నొప్పి తగ్గించబోయిన మందు జ్వరం తెచ్చిపెట్టింది.

ఎందుకిలా? ఆవకాయ కలిపిన అన్నం తింటే నుదుట చెమట పట్టడం గుర్తు చేసుకోండి. తలుపు తెరుచుకుంటే ఒళ్లు వేడెక్కిందనుకుని శరీరం చెమట పోసి చల్లబరుచుకుంటుంది. మూస్తే జరిగేది దీనికి తలకిందులు. అంటే నొప్పి లేనప్పుడు కూడా ఈ తలుపు కొద్దికొద్దిగా పని చేస్తూనే ఉందన్నమాట. ఆ చిన్న సంకేతం ఆగిపోతే శరీరం చల్లబడ్డానని పొరబడి వేడి పుట్టించుకుంటుంది. ఈ ప్రొటీన్ లేకుండా పుట్టించిన ఎలుకలకు ఇలాంటి మందు ఇచ్చినా వేడి పెరగలేదు. కాబట్టి తప్పు మందులోని మలినానిది కాదు, తలుపు మూయడంలోనే ఉంది. వేరే కంపెనీల మందులతో ఇంకో చిక్కు వచ్చింది: వేసుకున్నవాళ్లకు కాలే వేడి కూడా సరిగా తెలియలేదు.

గవ్వ తర్వాత చలి వైపు తిరిగారు. మెంథాల్ తగిలితే తెరుచుకునే టీఆర్‌పీఎం8 అనే మరో తలుపుంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనం నుదుట రాసుకుంటే చల్లగా అనిపించేది ఇందువల్లే. ఎలుకల్లో దీన్ని మూస్తే ఒళ్లు చల్లబడింది. ఈ ప్రొటీన్ తక్కువగా తయారయ్యే జన్యు తేడా ఉన్న మనుషులకు మైగ్రేన్ ముప్పు కూడా తక్కువని 2019లో ఆయన పాలుపంచుకున్న అధ్యయనం చెప్పింది.

మిరప తలుపు సంగతి? దానికి గడియ పెట్టే మందు ఇంకా మార్కెట్లోకి రాలేదు. వచ్చింది తెరిచే మందు. సర్పి మానాక మిగిలిపోయే నరాల నొప్పికి 8 శాతం క్యాప్సైసిన్ పట్టీని అమెరికా 2009లో అనుమతించింది. చర్మం మీద అతికిస్తే ముందు మండుతుంది. అంత మోతాదుకు అక్కడి నరాల కొసలు అలిసిపోయి వెనక్కి తగ్గుతాయి, నెలల పాటు నొప్పి కబురు పంపడం తగ్గిస్తాయి. మంటను ఆపడానికి చివరికి మిరపకాయే కావాల్సి వచ్చింది.