పడక తగ్గిస్తే పెరిగే నిద్ర

పడక సిద్ధంగా ఉండి, పడుకునే వేళ అయి, పొద్దుటి నుంచి ఒళ్లు అలిసిపోయి ఉండి కూడా రెప్ప వాలకపోవడమే నిద్రలేమి. కొందరికి పడుకున్నాక అరగంట దాటినా నిద్ర పట్టదు. కొందరికి నడిరేయి మెలకువ వచ్చి మళ్లీ కునుకు రాదు. ఇంకొందరు కోడి కూయకముందే లేచి తెల్లారేదాకా దొర్లుతుంటారు. ఈ మూడింటిలో ఏదో ఒకటి వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలపాటు సాగి, పగటి పనినీ మనసునూ కుంగదీస్తుంటే దాన్ని వైద్యులు దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. పెళ్లి పనులకో పరీక్షలకో నాలుగు రాత్రులు నిద్ర చెడటం ఈ లెక్కలోకి రాదు. అది దానంతటదే సర్దుకుంటుంది.

మూడు రకాల లోటు

"నిద్ర లేదు" అనే ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు ఇబ్బందులు ఉంటాయి. ఒక్కోదానికి మందు వేరు కాబట్టి ముందు వాటిని విడదీసి చూడాలి. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఈ మూడూ కళ్లెదుటే కనిపిస్తాయి.

పొట్టి ఆవులకు పేరుపడ్డ పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పాడి ఉన్న ఇంట ఇల్లాలికి తెల్లవారుజామున నాలుగింటికే పని మొదలవుతుంది. పేడ ఎత్తి, పాలు పితికి, కేంద్రానికి పోసి వచ్చేసరికి తెల్లారుతుంది. రాత్రి గిన్నెలు కడిగి నడుం వాల్చేసరికి పదకొండు దాటుతుంది. పడుకున్న మరుక్షణమే నిద్ర పడుతుంది, కానీ దక్కేది ఐదు గంటలే. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. ఇక్కడి లోటు నిద్ర చాలకపోవడం. ఇంటి పని పంచుకుని ఆ ఇల్లాలిని తొమ్మిదింటికే పడుకోనివ్వడమే దీనికి మందు.

కుప్పం సంగతి వేరు. బెంగళూరు రైలు మార్గంలో ఉన్న ఈ ఊరి నుంచి పనికోసం రోజూ అటు వెళ్లివచ్చేవాళ్లు ఎందరో. ఒక వారం పగటి షిఫ్టు, మరో వారం రాత్రి షిఫ్టు పడినవాళ్ల నిద్రవేళలు తారుమారవుతాయి. 1990లో ఏర్పడ్డ కౌండిన్య అభయారణ్యం అంచు పల్లెల్లో ఏనుగులు పంట మీద పడకుండా రైతులు రాత్రంతా కాపలా కాస్తారు. వీళ్లకు పగలు పడుకునే తీరిక దొరికినా ఒంట్లోని గడియారం ఒప్పుకోదు. ఈ ఇబ్బంది నిద్రవేళలు తప్పడం.

మూడోది అసలు నిద్రలేమి. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. అదే కాయ 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటింది. మరో ఏడు కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసే ధరకు పడిపోతుంది. అప్పు తెచ్చి మొక్క నాటిన రైతుకు కోతల కాలంలో నిద్ర చెదరడం సహజం. అయితే పంట అమ్ముడై, అప్పు తీరి, తోట దున్నేసిన తర్వాత కూడా ఆరు నెలలపాటు కంటిమీద కునుకు రాకపోతే, మొదట్లో నిద్ర చెడగొట్టిన కారణం పోయినా మరేదో దాన్ని నిలబెడుతున్నదన్నమాట. అదేమిటో తెలియాలంటే నిద్ర ఎలా వస్తుందో తెలియాలి.

నిద్రను తెచ్చే రెండు శక్తులు

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బేలీ 1982లో చెప్పిన వివరణ ఇప్పటికీ నిద్ర శాస్త్రానికి పునాది. నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. మొదటిది నిద్ర ఒత్తిడి. మేలుకున్న ప్రతి గంటా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది పెరిగేకొద్దీ కళ్లు బరువెక్కుతాయి, నిద్రపోతే తరుగుతుంది. "ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్న సామెతలో ఉన్నది ఈ శక్తే. ఒత్తిడి నిండిన మనిషి టమోటా క్రేట్ల మీద తల వాల్చినా నిద్రపోతాడు. అది నిండకపోతే పట్టుపరుపు మీద కూడా దొర్లుతాడు.

రెండోది ఒంటి గడియారం. కళ్ల నుంచి వచ్చే నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, మెదడులో చిన్న కణాల గుంపు ఒకటి ఇరవైనాలుగు గంటల లయను నడుపుతుంది. పొద్దుటి వెలుతురు దాన్ని రోజూ సరిచేస్తుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను ఊరుతుంది, ఒంటి వేడి కాస్త తగ్గుతుంది, నిద్రకు దారి పడుతుంది. కణాల్లో ఈ గడియారం ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ బహుమతి దక్కింది.

ఒత్తిడి నిండి, గడియారం ఒప్పుకున్న వేళ నిద్ర తనంతట వస్తుంది. దాన్ని ఆపగలిగేది భయం. ప్రమాదం ఉందనుకుంటే మెదడు కాపలాకు లేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. ఏనుగు తోటలో దిగిన రాత్రి ఆ మెలకువే మనిషిని కాపాడుతుంది. "ఇవాళ కూడా నిద్ర పట్టదేమో" అన్న భయానికీ మెదడు అలాగే లేచి కూర్చుంటుంది. నిద్రపోవాలని గట్టిగా ప్రయత్నించేకొద్దీ నిద్ర దూరం కావడం అందుకే.

పాతుకుపోయే తీరు

నిద్రలేమి పాతుకుపోయే క్రమాన్ని అమెరికా మనస్తత్వవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ మూడు మెట్లుగా వివరించాడు. చిన్న చప్పుడుకే లేచే స్వభావం, ఇంట్లో పెద్దలకూ ఇదే తీరు ఉండటం మొదటి మెట్టు. ధర పడిపోవడం, చావు, జబ్బు, కాన్పు లాంటివి రెండో మెట్టు. ఆ నిద్ర చెడిన రోజుల్లో మనిషి అలవాటు చేసుకునే సర్దుబాట్లు మూడో మెట్టు. దీర్ఘకాలిక నిద్రలేమిని నిలబెట్టేవి ఎక్కువగా ఇవే.

ఇందాకటి రైతునే దగ్గరగా చూస్తే ఇది తేటగా తెలుస్తుంది. రాత్రి సరిగా నిద్ర లేదని పొద్దున ఏడున్నరదాకా పడకలోనే ఉంటాడు. మధ్యాహ్నం సంగటి తిన్నాక రెండు గంటలు పడుకుంటాడు. ముందే పడుకుంటే కాస్తయినా పడుతుందని రాత్రి ఎనిమిదిన్నరకే మంచం ఎక్కుతాడు. అప్పటికి నిద్ర ఒత్తిడి సగమే నిండి ఉంటుంది. పక్కమీద దొర్లుతూ ఫోను తీసి మార్కెట్టు ధర చూస్తాడు, గోడ గడియారం చూసి ఇంకెన్ని గంటలు మిగిలాయో లెక్కేస్తాడు. కొన్ని వారాలకు మంచం చూడగానే మెదడుకు గుర్తొచ్చేది నిద్ర కాక ఆ దొర్లాట అవుతుంది. మంచి ఉద్దేశంతో చేసిన ప్రతి సర్దుబాటూ నిద్రను ఇంకా పలుచన చేస్తుంది.

పడకను తగ్గించే చికిత్స

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో 1915లో మొదలైన క్షయ శానటోరియం పడక విశ్రాంతికి పేరుపొందింది. మందులు రాని ఆ రోజుల్లో క్షయ రోగికి గంటల లెక్కన విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి ఇవే వైద్యం. ఆ ఆలోచన ఊరివాళ్ల మనసుల్లో ఇప్పటికీ ఉంది. ఏ జబ్బయినా పడుకుంటే తగ్గుతుందనుకుంటారు. నిద్రలేమికి మాత్రం ఈ సూత్రం తిరగబడుతుంది. పడకలో గడిపే సమయాన్ని తగ్గించడమే దాని చికిత్సకు కీలకం.

నిద్రలేమికి వాడే ఆలోచనా ప్రవర్తనా చికిత్సలో ఇది ప్రధాన భాగం. 2016లో అమెరికా వైద్యుల కళాశాల పెద్దవాళ్ల దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఈ చికిత్సనే ఇవ్వాలని సూచించింది. దీని మెట్లు ఇవి.

ముందు రెండు వారాలు నోటుపుస్తకంలో లెక్క రాయాలి. ఎన్నింటికి పడుకున్నదీ, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టిందీ, ఎన్నిసార్లు మెలకువ వచ్చిందీ, ఎన్నింటికి లేచిందీ పొద్దున్నే అంచనాగా రాస్తే చాలు. రాత్రి గడియారం చూడకూడదు. రాత్రి పదికి పడుకుని ఆరింటికి లేచే మనిషి నిజంగా నిద్రపోయింది ఐదున్నర గంటలని తేలిందనుకుంటే, ఎనిమిది గంటల పడకలో నిద్ర నూటికి 69 పాళ్లు.

ఇప్పుడు పడకను ఆ ఐదున్నర గంటలకే కుదించాలి. లేచే వేళను ముందు ఖాయం చేసుకోవాలి. ఐదున్నరకు లేవాలనుకుంటే పన్నెండుకు ముందు మంచం ఎక్కకూడదు. పగటి కునుకు మానాలి. నిద్ర ఎంత తక్కువగా ఉన్నా పడకను ఐదు గంటల కన్నా తగ్గించకూడదు. మొదటి వారం కష్టంగానే ఉంటుంది, పగలు తూగు వస్తుంది. ఆ తూగే రాత్రికి కావలసిన ఒత్తిడి. పడకలో ఉన్న సమయంలో నూటికి 85 పాళ్లు నిద్రే అయిన వారం నుంచి పడుకునే వేళను పదిహేను నిమిషాలు ముందుకు జరపాలి. పన్నెండు పదకొండుముప్పావు అవుతుంది, తర్వాతి వారం పదకొండున్నర. ఇలా కొన్ని వారాల్లో నిద్ర ఒక్క ముద్దగా చిక్కబడి, ఆపైన నిడివి పెరుగుతుంది. లారీ డ్రైవర్లు, యంత్రాల మీద పనిచేసేవాళ్లు, మూర్ఛ వ్యాధి లేదా ఉన్మాదపు దశలు వచ్చే మానసిక వ్యాధి ఉన్నవాళ్లు వైద్యుడి పర్యవేక్షణ లేకుండా దీన్ని మొదలుపెట్టకూడదు.

రెండో భాగం మంచానికీ నిద్రకూ తెగిన లంకెను మళ్లీ కలపడం. రిచర్డ్ బూట్జిన్ 1972లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. తూగు వచ్చినప్పుడే మంచం ఎక్కాలి. ఫోను, టీవీ, లెక్కలు, మాటలు మంచం మీద పెట్టుకోకూడదు. ఇరవై నిమిషాలైందనిపించినా నిద్ర రాకపోతే లేచి బయటి గదిలోనో వసారాలోనో సన్నటి వెలుతురులో కూర్చుని, మళ్లీ తూగు వచ్చాకే వెళ్లాలి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి.

మూడోది చింతకు ఒక వేళ పెట్టడం. సాయంత్రం దీపాలు పెట్టే వేళ పావుగంట కూర్చుని బాధపెడుతున్న విషయాలనూ, రేపు ఒక్కోదానికి చేయగల చిన్న పనినీ కాగితం మీద రాస్తే అవి అర్ధరాత్రి తలుపు తట్టడం తగ్గుతుంది. అరికాళ్ల నుంచి నుదుటిదాకా ఒక్కో కండరాన్నీ బిగించి వదలడం, నెమ్మదిగా ఊపిరి విడవడం ఒంటిని కాపలా నుంచి దింపుతాయి.

పగటి అలవాట్లు

పొద్దున లేవగానే అరగంట ఎండపొడలో తిరిగితే గడియారం సర్దుకుంటుంది. కాఫీలోని కెఫీన్ అడినోసిన్ పనిని అడ్డుకుంటుంది. అందులో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నాలుగింటికి తాగిన కాఫీ తొమ్మిదింటికి ఇంకా సగం మిగిలే ఉంటుంది, కాబట్టి మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ మానడం మేలు. మద్యం తాగితే మొదట మత్తు వస్తుంది, తెల్లవారుజామున నిద్ర ముక్కలవుతుంది. బీడీ, సిగరెట్లలోని నికోటిన్ మెలకువను పెంచుతుంది.

పడుకునే గంట రెండు గంటల ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే, లేదా కాళ్లు వెచ్చటి నీళ్లలో ఉంచితే, చర్మంలో రక్తం పారి ఒంటిలోపలి వేడి బయటికి పోతుంది. ఎండాకాలంలో మిద్దె మీద దోమతెర కట్టుకుని పడుకునే పాత అలవాటు పనిచేసేదీ ఇందుకే.

రాత్రి పని తప్పనివాళ్లకు

పట్టుపురుగులు పెంచే ఇళ్లలో ఐదో దశ వారం రోజులూ రాత్రి పగలు తేడా ఉండదు. పురుగు తన జీవితమంతా తినే మల్బరీ ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆ వారంలోనే తింటుంది. పండిన పురుగులను గూడు కట్టుకునే చంద్రికల మీదికి ఎక్కించే రోజు ఎవరూ పడుకోలేరు. ఇలాంటి రోజుల్లో ఇంట్లోవాళ్లు జాములు పంచుకుని, ఒక్కో మనిషి రోజూ ఒకే జాము మేలుకుంటే గడియారం తక్కువ చెడుతుంది. ఏనుగుల కాపలాకూ ఇదే వర్తిస్తుంది. కాపలాకు పోయేముందు సాయంత్రం గంటన్నర నిద్ర, తిరిగొచ్చాక కిటికీలు మూసిన చీకటి గదిలో నిద్ర మేలు చేస్తాయి. రాత్రి డ్యూటీ చేసి బండి నడుపుతూ రావడం ప్రమాదం. బయలుదేరే ముందు పావుగంట కునుకు తీయాలి.

మాత్రలు, ఇతర జబ్బులు

ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్ లాంటి మాత్రలు కొద్ది రోజుల కష్టకాలాన్ని దాటించగలవు. వారాల తరబడి వాడితే ఒళ్లు అలవాటు పడుతుంది. ఒక్కసారిగా మానితే నిద్ర మునుపటి కన్నా చెడుతుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. తెలంగాణలో ఇవి కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు కల్లు దొరకని రోజుల్లో నిద్ర లేక, వణుకుతూ, పిచ్చిగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలైంది ఇందువల్లే. ఆల్‌ప్రజోలామ్‌ను చీటీ లేకుండా అమ్మకూడదు. ముసలివాళ్లు ఈ మాత్రల మత్తులో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ముప్పుంది. ఇప్పటికే వాడుతున్నవాళ్లు వైద్యుడి సలహాతో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

కొన్ని నిద్ర ఇబ్బందుల వెనుక వేరే జబ్బు ఉంటుంది. పెద్దగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే అది శ్వాస ఆగే జబ్బు కావచ్చు. పడుకోగానే కాళ్లు లాగుతూ కదిలించాలనిపిస్తుంటే ఒంట్లో ఇనుము తక్కువై ఉండవచ్చు, రక్తహీనత ఉన్న స్త్రీలు ఇది తప్పక చూపించుకోవాలి. రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేస్తుంటే చక్కెర పరీక్ష అవసరం. థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు, ఉబ్బసం కూడా నిద్రను చెడగొడతాయి. తెల్లవారుజామునే మెలకువ వచ్చి, దేనిమీదా ఆసక్తి లేక, బతుకు బరువనిపిస్తుంటే అది కుంగుబాటు లక్షణం. వైద్యుడి దగ్గరికి వెళ్లడంలో ఆలస్యం చేయకూడదు.

కుప్పంలోని పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రిలో, తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు వారాల నిద్ర లెక్క రాసిన నోటుపుస్తకం వెంట తీసుకెళితే, ఇబ్బంది మూడు రకాల్లో ఏదో ఆ పేజీలే చెబుతాయి.