ఆటస్థలంలో ఆగిన గుండెకు ఆసరా ఏదీ?

అమలాపురం: కోతలు ముగిసి కళ్లాలు ఖాళీ అయ్యాయంటే గోదావరి జిల్లాల్లో ఆటల సందడి మొదలవుతుంది. సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ పోటీలు ఊరూరా జోరుగా సాగుతాయి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో షటిల్ డబుల్స్ బంగారు పతకం గెలిచిన జంటలో ఒకడైన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ ఈ అమలాపురం వాడే. షామియానా, మైకు, దీపాలు, కప్పులు అన్నీ ముందుగానే సమకూర్చుకునే నిర్వాహకులు ఒక్క సంగతి మాత్రం మరచిపోతున్నారు. ఆడుతున్న మనిషి ఉన్నట్టుండి కూలిపోతే ఏం చేయాలి?

ఇది జరగని విషయమేమీ కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ లాలాపేటలో షటిల్ ఆడుతూ 38 ఏళ్ల వ్యక్తి, 2025 జూలైలో నాగోలులో 25 ఏళ్ల యువకుడు కోర్టులోనే కుప్పకూలి మరణించారు. 2024 జూన్ 30న ఇండోనేషియాలోని యోగ్యకార్తాలో ఆసియా జూనియర్ పోటీల్లో 17 ఏళ్ల చైనా క్రీడాకారుడు జాంగ్ జిజియే ఆట మధ్యలో పడిపోయి ప్రాణాలు కోల్పోయాడు. అతని వద్దకు వైద్యసహాయం వెంటనే చేరలేదన్న విమర్శ ప్రపంచమంతటా వచ్చింది.

గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు

గుండెకు రక్తం తీసుకుపోయే నాళం పూడుకుపోతే వచ్చేది గుండెపోటు. నొప్పి, చెమట, ఆయాసం ఉంటాయి. మనిషి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు, ఆస్పత్రికి చేర్చే వ్యవధి దొరుకుతుంది. గుండె ఆగడం అలా కాదు. గుండెలోని విద్యుత్ గతి తప్పి, అది కొట్టుకోవడం మాని గిలగిలా వణుకుతుంది. రక్తం కదలదు. క్షణాల్లో స్పృహ పోతుంది. ఈ వణుకును ఆపి గుండెను తిరిగి దారిలో పెట్టేది విద్యుత్ షాక్ ఒక్కటే. ఆ షాక్ ఇచ్చే పెట్టె పేరే డిఫిబ్రిలేటర్. మామూలు మనుషులు వాడడానికి వీలుగా చేసిన దానిని ఎ.ఇ.డి. అంటారు.

గడిచే ప్రతి నిమిషానికి బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 పాళ్లు తగ్గిపోతుందని వైద్యులు లెక్క కట్టారు. 3 నుంచి 5 నిమిషాల్లో షాక్ అందితే సగం మందిని, అంతకు మించి కూడా బతికించవచ్చు. పది నిమిషాలు దాటితే ఆశ బహు స్వల్పం. 108 అంబులెన్సు 2005 నుంచి ఎన్నో ప్రాణాలు కాపాడింది. కాని కాలువ గట్ల మీదుగా లోపలి ఊళ్లకు, వరద రోజుల్లో పడవ దాటి చేరవలసిన లంకలకు అయిదు నిమిషాల్లో రావడం ఏ బండికీ సాధ్యం కాదు. అందుకే ఆ పెట్టె ఆటస్థలంలోనే ఉండాలి.

తాళాల గుత్తితో కాలహరణం

మన ఊళ్లలో మనిషి పడిపోగానే మూర్ఛ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముఖాన నీళ్లు కొట్టడం, నోట్లో సోడా పోయడం పరిపాటి. గుండె ఆగినప్పుడు కూడా మొదట కొద్ది క్షణాలు కాళ్లు చేతులు కొట్టుకోవచ్చు, గురకలాంటి ఎగశ్వాస రావచ్చు. దాన్ని చూసి మోసపోరాదు. పిలిచినా పలకక, మామూలుగా ఊపిరి తీయకపోతే గుండె ఆగిందనే భావించాలి.

వెంటనే ఒకరు 108కి ఫోను చేయాలి. ఒకరు పెట్టె కోసం పరుగెత్తాలి. మూడో మనిషి రొమ్ము మధ్య ఎముకపై రెండు చేతులూ ఒకదానిపై ఒకటి ఉంచి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు నొక్కుతూ ఉండాలి. పెట్టె రాగానే రొమ్మును తువ్వాలుతో తుడిచి, పొడిగా చేసి, బొమ్మలో చూపినట్లు రెండు అట్టలు అంటించాలి. షాక్ ఇచ్చే వేళ ఎవరూ రోగిని తాకరాదు. షాక్ అవసరమో కాదో పెట్టే తేల్చుకుంటుంది. అవసరం లేకుంటే నొక్కినా షాక్ ఇవ్వదు. కనుక చదువు రానివారు సైతం భయపడనక్కరలేదు.

ఇటలీ నేర్పిన పాఠం

2012 ఏప్రిల్ 14న ఇటలీలోని పెస్కారాలో 25 ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు పియెర్‌మారియో మొరోసిని మైదానంలోనే పడిపోయి మరణించాడు. మరుసటి సంవత్సరమే చిన్న క్రీడా క్లబ్బుల్లో సైతం ఈ పరికరం ఉండాలని అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. గడువులు పొడిగిస్తూ పోయి 2017లో గాని చిన్న క్లబ్బుల్లో అమలు కాలేదు. పరికరం ఉంటే ఏమవుతుందో 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో లోకం చూసింది. డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఆగిన గుండెతో నేలకొరిగితే మైదానంలోనే షాక్ ఇచ్చి బతికించారు. 2022 ఫిబ్రవరిలో ఆయన మళ్లీ బరిలో దిగాడు. మన దేశంలో ఆటస్థలాలన్నిటికీ ఇది తప్పనిసరి అనే జాతీయ చట్టం లేదు.

ఖర్చు ఎవరిది?

పెట్టె ఖరీదు సుమారు లక్ష రూపాయలు. ఒక పల్లెకు ఇది భారమే. మండలానికి ఒకటి కొని, పోటీలు జరిగే చోటికి పంపితే భారం పంచుకున్నట్లవుతుంది. రోజూ వందలాది మంది నడిచే, ఆడే పట్టణ మైదానాలకు, రుసుము వసూలు చేసే జిమ్ములకు, షటిల్ కోర్టులకు మాత్రం దీనిని అనుమతికి షరతుగా పెట్టడంలో తప్పు లేదు.

అయితే కొనగానే పని తీరదు. బ్యాటరీకి, అట్టలకు గడువు తేదీలుంటాయి. తేమ, ఎండ తగలకుండా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, దానిని బీరువాలో పెట్టి తాళం వేయరాదు. ఆటలు జరిగేది సాయంత్రాలు, సెలవు దినాలు. పంచాయతీ కార్యాలయం మూసి ఉండేదీ అప్పుడే. తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతికేలోగా అయిదు నిమిషాలు గడిచిపోతాయి. నెలకొకసారి దీపం వెలుగుతున్నదో లేదో చూసే బాధ్యత ఒక వ్యక్తికి అప్పగించాలి.

డబ్బు సమకూరే లోపల ఖర్చు లేని పని ఒకటుంది. గుండె నొక్కే పద్ధతిని ప్రతి జట్టులో ఇద్దరికైనా నేర్పడం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడిని పిలిచి ఒక పూట చూపిస్తే సరిపోతుంది. ఆడేటప్పుడు రొమ్ము నొప్పి, కళ్లు తిరగడం ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా మరణించినవారున్నవారు ముందుగా వైద్యుని చూడడం, జ్వరంతో ఆడకపోవడం కూడా అవసరం. వచ్చే పండుగ పోటీలకు చందాల పుస్తకం తెరిచే కమిటీలు బహుమతుల పద్దుకు పైన ఈ పద్దు రాసుకోవలసి ఉంది.