బొమ్మ వెనక కాగితం



పత్తి వేసే ఇళ్లలో విత్తనాలు కొనడానికి మగవాళ్లు గుంటూరుకో, ఒంగోలుకో బయల్దేరితే ఆడవాళ్లు వెనకనుంచి "బిల్లు తీసుకోవడం మరచిపోకండి" అని హెచ్చరిస్తారు. మొలక రాకపోతే నిలదీసి అడగడానికి ఆ కాగితమే కదా ఆధారం! మరి ఆ బిల్లే దొంగదైతే? ఇవాళ నేను చెప్పబోయేది విత్తనాల సంగతి కాదు, బొమ్మల సంగతి. కాని మోసం మాత్రం అలాంటిదే.

ముందుగా ఒక మాట. పాత చిత్రాలను చూసి వేయడం తప్పు కాదు. అలా వేస్తేనే చెయ్యి తిరుగుతుంది. రవివర్మ 1894లో అచ్చుయంత్రం పెట్టి తన బొమ్మలను ముద్రించబట్టే ఆ లక్ష్మీ సరస్వతులు మన పూజగదుల్లోకి వచ్చారు. వాటిని మనం నకళ్లుగానే కొన్నాం. నకలును అసలని చెప్పి, ఇంకొకరి సంతకం పెట్టి అమ్మినప్పుడే అది ఫోర్జరీ అవుతుంది.

ఆ గీత దాటడం ఎంత సులువో ఇంగ్లండులోని జాన్ మయాట్ కథ చూస్తే తెలుస్తుంది. భార్య వెళ్లిపోయింది, ఇద్దరు పసిపిల్లలు చేతిలో ఉన్నారు. ఇంటిపట్టున ఉండి సంపాదించుకోవాలని 1986లో పత్రికలో ప్రకటన వేశాడు: ప్రసిద్ధుల చిత్రాలకు నకళ్లు వేసిస్తానని, ధర నూట యాభై పౌన్ల నుంచి అని. అందులో దాపరికం లేదు. జాన్ డ్రూ అనే ఆయన మొదట కొన్ని కొనుక్కున్నాడు. కొన్నాళ్లకు వచ్చి, "నీ బొమ్మ ఒకదాన్ని వేలం సంస్థవాళ్లు అసలుదనుకున్నారు, ఇరవై అయిదు వేల పౌన్లంటున్నారు. సగం నీకిస్తాను" అన్నాడు. పిల్లల ముఖం చూసి మయాట్ సరేనన్నాడు. అక్కణ్ణుంచి సుమారు రెండు వందల దొంగ చిత్రాలు వేశాడు.

విచిత్రం వినండి. చాలా వాటికి అతను వాడింది ఇంటి గోడలకు వేసే ఎమల్షన్ రంగు! రంగును పరీక్ష చేస్తే పట్టుబడేదే. కాని కొనేవాళ్లు చూసింది కాగితాలను. ఆ కాగితాలు డ్రూ సృష్టించినవి. లండన్‌లో టేట్ గ్యాలరీ వంటి పెద్ద సంస్థల దస్తావేజుల్లోనే దొంగ పత్రాలు దూర్చాడు. 1999లో డ్రూకు ఆరేళ్లు, మయాట్‌కు ఏడాది శిక్ష పడింది.

ఎక్కడో ఇంగ్లండు కథ మనకెందుకంటారా? అయితే మన ప్రకాశం జిల్లా చందవరానికి రండి. గుండ్లకమ్మ ఒడ్డున ప్రాచీన బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. బుద్ధుణ్ణి కొలిచే భక్తులను చెక్కిన సున్నపురాతి శిల్పం ఒకటి అక్కణ్ణుంచి చోరీ అయింది. క్రీస్తుశకం మూడో శతాబ్దం నాటిది. దాన్ని 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీవారు న్యూయార్కు వ్యాపారి నాన్సీ వీనర్ దగ్గర 5,95,000 డాలర్లకు కొన్నారు. అది దొంగసొత్తని తేలాక 2016లో భారతదేశానికి తిరిగి అప్పగించారు. దొంగసొత్తు వ్యాపారం చేసినట్టు ఆ వ్యాపారి 2021లో న్యూయార్కు కోర్టులో ఒప్పుకున్నది.

చూశారా! అక్కడ బొమ్మే దొంగది. ఇక్కడ శిల్పం అసలైనదే, చేతులు మారిన తీరు దొంగది. రెండుచోట్లా కొన్నవాళ్లు చదువుకున్నవాళ్లే. చెప్పిన చరిత్రను మూలానికి వెళ్లి సరిచూసుకోకపోవడమే లోపం.

మనం లక్షలు పోసి కొనం, నిజమే. గృహప్రవేశానికో, పెళ్లి కానుకకో ఒక చిత్రం కొంటాం. అప్పుడు వేసినవారి పేరు, తేదీ వెనక రాయించుకోండి. చూసి వేసినదైతే ఆ మాటా రాయమనండి. పాతదని చెబితే ఇంతకుముందు ఎవరింట్లో ఉండేదో అడిగి, వీలైతే వాళ్లనే విచారించండి. నూరేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాలు అమ్మే వ్యాపారికి 1972 నాటి చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలని గుర్తుంచుకోండి.

అన్నిటికంటే మంచిది, మన ఊరి చిత్రకారుడి దగ్గరే, అతని సంతకంతోనే కొనడం. శిక్ష తీరాక మయాట్ మళ్లీ నకళ్లే వేశాడు, కాని వెనకవైపు నకలని స్పష్టంగా రాసి. అవీ అమ్ముడుపోయాయి! సొంత పేరుతో పనిచేసేవాడికి ఆ నాలుగు డబ్బులూ ముందే అందితే, డ్రూ లాంటివాడు తలుపు తట్టినా తీయాల్సిన అవసరం ఉండదు కదండీ.